చూరుకాలువలో ఎండుటాకు: బ్రిటన్‌లోని తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు,

నమస్కారములు.

ఈ లేఖ వచ్చే ఉగాదికి ఏ కళాకారులను పిలవాలన్న విషయం గురించి కాదు, సభ్యత్వ రుసుము గురించి అంతకన్నా కాదు. మొన్నటి వేసవిలో ఒక తెలుగు సంఘం వారు సఫోక్ సముద్రతీరంలోని సౌత్‌వోల్డ్‌కు బస్సు వేసినప్పుడు నేనూ కుటుంబంతో వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఏ12 రహదారి పక్కన బ్లైబరా అనే చిన్న ఊళ్ళో పావుగంట బస్సు ఆపి అందరికీ ఆ ఊరి హోలీ ట్రినిటీ చర్చి చూపించారు. అందరం తలలెత్తి పైకప్పు చూశాం, ఫోటోలు తీసుకున్నాం. ఒక పెద్దాయన కప్పు నుంచి వేలాడుతున్నట్టున్న చెక్క దేవదూతలను చూసి, "ఇంత డబ్బున్న దేశం కదా, ఆ వెలిసిపోయిన బొమ్మలకు కాస్త రంగులు వేయించలేరా?" అన్నారు. పక్కనున్నావిడ, "అవన్నీ గవర్నమెంటు చూసుకుంటుందిలెండి అన్నయ్యగారూ" అన్నారు. ఆ రెండు మాటలకూ బస్సులో నింపాదిగా జవాబు చెప్పే వీలు నాకు దొరకలేదు. వృత్తిరీత్యా కట్టడాల ఇంజనీరునై, ఇరవై ఏళ్ళకు పైగా ఇప్స్‌విచ్ పరిసరాల్లో కాపురముంటూ, మా ఊరి చర్చికి చేతనైన చాకిరీ చేస్తున్నవాణ్ణి గనక ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. చివర్లో మీ అందరికీ ఒక విన్నపం కూడా ఉంది.

ముందు ఆ కట్టడం సంగతి చెప్పాలి. బ్లైత్ నది సముద్రంలో కలవబోయే ముందు బురద మేటలుగా వెడల్పుగా పరుచుకుంటుంది. పోటు వచ్చినప్పుడు అదంతా అద్దంలా నిండిపోతుంది, ఆటు తీసినప్పుడు బూడిదరంగు బురద, దాని మీద కొంగలు మిగులుతాయి. ఆ అంచున కాస్త మెరక మీద నిలబడి ఉంటుంది ఈ చర్చి. ఈ ప్రాంతంవాళ్ళు దాన్ని చిత్తడి నేలల కెథీడ్రల్ అంటారు గానీ అది కెథీడ్రల్ కాదు, బిషప్పు పీఠం అక్కడ ఎన్నడూ లేదు, అది మామూలు పారిష్ చర్చి, అంటే ఊరి చర్చి. కొన్ని వందల గడప కూడా లేని ఊరికి 125 అడుగులకు మించిన పొడవున్న చర్చి ఎందుకంటే, అది కట్టిననాడు బ్లైబరా రేవు పట్టణం. 14వ శతాబ్దపు పాత గంటగోపురాన్ని అలాగే ఉంచి, 1412 ప్రాంతంలో మిగతా చర్చిని తిరగ కట్టడం మొదలుపెట్టారు, ఆ పని 15వ శతాబ్దంలో చాలాకాలం సాగింది. తరవాత ఓడలు పెద్దవయ్యాయి, నది పూడిపోయింది, 1537లో అక్కడి మఠాన్ని ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం మూసివేసింది, వర్తకం పోయింది, జనం పోయారు. చర్చి మాత్రం, కూతుళ్ళంతా అత్తారిళ్ళకు వెళ్ళాక మండువా లోగిలి మిగిలినట్టు, మిగిలిపోయింది.

దగ్గరికి వెళ్ళి గోడను చూడండి. సఫోక్‌లో మంచి కట్టుడు రాయి దొరకదు. దొరికేది పొలాల్లోనూ సుద్దనేలలోనూ బయటపడే చెకుముకిరాయి, ఎముకలా గుండ్రటి మొద్దులు. దాన్ని సున్నపు గారలో పేర్చి మందమైన గోడ కట్టారు. మూలలకూ కిటికీ చట్రాలకూ మాత్రం వేరే ప్రాంతాల నుంచి సున్నపురాయి తెప్పించి చెక్కారు. చెకుముకిరాయిని రెండుగా పగలగొడితే లోపలి ముఖం నల్లగా, గాజులా మెరుస్తుంది. ఆ నల్లటి ముఖాలను తెల్లటి రాతిలో తొలిచిన గుంటల్లో పొదిగి నలుపు తెలుపుల ముగ్గు వేసినట్టు చేసిన పని ఈ తూర్పు ఇంగ్లండ్ తాపీవాళ్ళ ప్రత్యేక విద్య. బ్లైబరాలో తూర్పు కిటికీ కింద అలా పొదిగిన అక్షరాల వరుస ఒకటుంది. ప్రార్థనా వాక్యంలోని మాటలకు మొదటి అక్షరాలవి అని పండితులు చెబుతారు. చదవడం రానివాడికి కూడా అందమే కనిపిస్తుంది.

లోపలికి వెళితే కళ్ళు ముందు చూసేది వెలుతురును. ఆ కాలపు శిల్పులకు గోడలను తగ్గించి గాజును పెంచడమే పని. సన్నటి స్తంభాలు, వాటి మీద కమానులు, కమానుల పైన పక్కకొక 18 చొప్పున రెండు వైపులా కిటికీల వరుస. పై వరుస కిటికీల నుంచి వచ్చే కాంతి నేరుగా మీద పడదు, పైకప్పుకు తగిలి మెత్తబడి దిగుతుంది. మామూలుగా భక్తులు కూర్చునే నడిమి హాలుకూ, మన గర్భాలయంలా తూర్పున పూజాపీఠముండే చాన్సెల్‌కూ మధ్య పెద్ద కమాను అడ్డంగా ఉంటుంది. ఇక్కడ ఆ అడ్డు లేకుండా ఒకే పైకప్పు ఈ చివరి నుంచి ఆ చివరికి సాగిపోతుంది. అందుకే లోపల నిలబడితే ఓడను బోర్లించి కింద నిలబడినట్టుంటుంది. ఈ పోలిక నాది కాదు, అందరూ అనేదే, అయినా చూసినప్పుడు మళ్ళీ అనకుండా ఉండలేం.

ఆ పైకప్పు వాలు చాలా తక్కువ. పెంకులతో అంత తక్కువ వాలు కుదరదు, నీళ్ళు వెనక్కి తన్నుతాయి. సీసపు రేకులు పరిచారు గనక కుదిరింది. అయితే సీసం బరువెక్కువ. ఆ బరువును రెండు గోడల మధ్య అడ్డంగా వేసిన ఓక్ దూలాలు మోస్తాయి, దూలాల కొసలు గోడలోకి దిగి ఉంటాయి. ప్రతి దూలం నడుమ, వెన్నుపట్టె కింద, రెక్కలు చాచిన దేవదూతలను వీపుకు వీపు ఆనించి జతలుగా అమర్చారు. దూలాల మీదా వాసాల మీదా తెల్లటి పూతపై ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో పూలూ, యేసు నామ సంక్షేపాక్షరాలూ వేశారు. ఇప్పుడు మీకు కనిపించే ఆ వెలిసిన రంగు 15వ శతాబ్దపు చేతులు వేసినదే. పెద్దాయన అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగానికి ఆ దేవదూతలు ఏమేం దాటుకుని వచ్చారో తెలియాలి.

1577 ఆగస్టు 4న, ఆదివారం, ప్రార్థన జరుగుతుండగా పిడుగుల వానలో ఈ చర్చి గోపురం మీదున్న మొనదేలిన శిఖరం కూలి లోపల పడింది. ఒక మగమనిషి, ఒక పిల్లవాడు చనిపోయారు. అదే రోజు పొరుగున ఉన్న బంగే అనే ఊళ్ళోనూ చర్చి మీద పిడుగు పడింది. జనం దాన్ని నల్లకుక్క రూపంలో వచ్చిన సైతాను పని అన్నారు. ఉత్తరపు తలుపు మీద కాలిన గుర్తులున్నాయి, వాటిని ఆ కుక్క గోళ్ళ గీతలని ఇప్పటికీ పిల్లలకు చూపిస్తారు. మన బస్సులో పిల్లలకు బాగా నచ్చింది కూడా ఇదొక్కటే. శిఖరాన్ని మళ్ళీ కట్టలేదు.

1644 ఏప్రిల్ 9న ఇంకొక పిడుగు పడింది. అంతర్యుద్ధ కాలంలో చర్చిల్లోని విగ్రహాలనూ చిత్రాలనూ ధ్వంసం చేయడానికి పార్లమెంటు పక్షం నియమించిన విలియం డౌసింగ్ ఆనాడు బ్లైబరాకు వచ్చాడు. ఈయన చేసిన పనికి దినచర్య రాసుకునే మనిషి, అందువల్ల ఏం పగలగొట్టాడో మనకు పద్దులతో సహా తెలుసు. పైకప్పులోని 20 దేవదూతలను దించేయాలని, 200కు పైగా చిత్రాలను 8 రోజుల్లో తీసేయాలని ఆజ్ఞ ఇచ్చాడు, మూడు స్మారక ఫలకాలను తానే పగలగొట్టాడు. ఆ ఫలకాల మీద ఏముండేదంటే, "ఫలానా వారి ఆత్మల కోసం ప్రార్థించండి" అని. అంటే అవి దాతల పేర్లు. కిటికీకి అద్దం ఇచ్చినవాడు, బాప్తిస్మపు తొట్టి చెక్కించినవాడు, చచ్చాక తనను నలుగురూ తలుచుకోవాలని రాయించుకున్న పేర్లు. మన ఊళ్ళ గుళ్ళలో ట్యూబులైటు మీద దాత పేరు అంత పెద్దగా రాసి, వెలుతురుకు చోటు లేకుండా చేస్తామని మనమే నవ్వుకుంటాం కదా. ఆ ముచ్చట 600 ఏళ్ళ కిందట సఫోక్‌లో కూడా ఉండేది. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

చిత్రాలు పోయాయి. రంగుటద్దాలు దాదాపు అన్నీ పోయాయి, ఇప్పుడు ఆ కిటికీల్లో ఉన్నవి ఎక్కువగా తెల్లటి అద్దాలే. డజను దాకా దేవదూతలు మాత్రం మిగిలారు. అంత ఎత్తుకు పరంజా కట్టే ఖర్చు ఎవరు భరిస్తారని ఊరివాళ్ళు జాగు చేసి ఉంటారని నా ఊహ. మన పంచాయతీ తీర్మానాల గతి తెలిసినవారికి ఈ ఊహ వింతగా తోచదు. రెక్కల్లో సీసపు గుళికలు దిగి ఉండటం చూసి, డౌసింగ్ మనుషులే తుపాకులతో కాల్చారని చాలాకాలం చెప్పుకున్నారు. 20వ శతాబ్దంలో మరమ్మతులప్పుడు దగ్గరగా పరీక్షించి, చర్చి పాత లెక్కల పుస్తకంతో పోల్చి చూస్తే అసలు విషయం తేలింది. 18వ శతాబ్దంలో కప్పులో గూళ్ళు పెట్టిన జాక్‌డా అనే కాకిజాతి పిట్టలను కాల్చడానికి తుపాకిమందుకూ గుళికలకూ డబ్బు చెల్లించారు. దేవదూతలను గాయపరిచింది మతద్వేషం కాదు, పిట్టల గోలతో విసిగిపోయిన ధర్మకర్తలు. నా లెక్కన ఈ దేశంలో పాత కట్టడాలకు జరిగిన కీడులో సగం ఇలాంటిదే, ఎవరికీ దురుద్దేశం లేనిది.

ఇక దిగువన బల్లల కొసలకు చెక్కిన బొమ్మల దగ్గర కనీసం పావుగంట కూర్చోవాలి. మంచం మీద నుంచి లేవలేని సోమరి, డబ్బుపెట్టె మీద కూర్చున్న పిసినారి, పొట్ట పట్టుకున్న తిండిపోతు, నాలుక చాపిన చాడీకోరు. వీళ్ళ పక్కనే విత్తనాలు చల్లేవాడు, కోత కోసేవాడు. చర్చి లోపల 1682 నాటి చెక్కబొమ్మ ఒకటి గంట కొట్టి ప్రార్థన మొదలవుతోందని చెబుతుంది. ఒక పక్క గది బడిగా నడిచిన కాలంలో, 1665లో, పరదేశం నుంచి వచ్చిన డిర్క్ అనే 12 ఏళ్ళ కుర్రాడు బల్ల మీద తన పేరు చెక్కుకున్నాడు. అప్పట్లో పంతులు చెవి మెలేసే ఉంటాడు. ఇప్పుడు ఆ గీతలను కాపాడటానికి నిపుణులు మైనపు పూత గురించి చర్చిస్తారు.

ఇవన్నీ మిగలడానికి అసలు కారణం పేదరికం. 19వ శతాబ్దంలో విక్టోరియా రాణి కాలపు సంపన్న పారిష్‌లు తమ చర్చిలను 'పునరుద్ధరించాయి'. పాత గార గోకేసి రాయి బయటపెట్టారు, తమకు నచ్చిన శతాబ్దం తప్ప మిగతా శతాబ్దాల పనిని పీకేశారు, పాత బల్లలు తీసి వార్నిషు వేసిన కొత్తవి పెట్టారు, అరిగిన శిల్పాన్ని మళ్ళీ చెక్కించారు. బ్లైబరాకు అంత డబ్బు లేదు. డబ్బు లేకపోవడం వల్ల పాతది మిగిలింది, అదే డబ్బు లేకపోవడం వల్ల కప్పు కారింది, కిటికీలకు ఇటుకలు పేర్చి మూశారు, వానరోజున లోపల గొడుగులు పట్టుకుని ప్రార్థన చేసేవారని ఈనాటికీ చెబుతారు. 1881 డిసెంబరులో ఇది ప్రమాదకరమని బిషప్పు మూయించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1877లో కవి, కళాకారుడు విలియం మోరిస్ స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం, 'పునరుద్ధరణ' పేరిట బ్లైబరాను కొత్తది చేయవద్దని పోరుపెట్టి ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపింది. వర్షంలో తడుస్తున్న ఊరివాళ్ళకు లండన్ నుంచి వచ్చే ఈ హితబోధ ఎంత చిరాకు పుట్టించిందో ఊహించుకోవచ్చు, నాకు వాళ్ళ మీద సానుభూతే ఉంది. 1884లో చర్చి మళ్ళీ తెరిచారు. పని మెల్లగా, విడతలుగా, కొంచెం కొంచెంగా జరిగింది. ఆ ఆలస్యమే దాన్ని కాపాడింది.

మోరిస్ సంఘం చెప్పిన సూత్రాన్ని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు. చెడిపోయాక బాగుచేయడం కాదు, చెడకుండా రోజూ చూసుకోండి. ఒరిగిన గోడకు ఊతమివ్వండి, కారే కప్పుకు మాటువేయండి, వేసిన మాటు మాటులాగే కనబడనివ్వండి, పాతదానిలా నటింపజేయకండి. ఇంజనీరుగా నేను ఈ మాటను పూర్తిగా నమ్ముతాను. పెద్దాయనకు నా జవాబు కూడా ఇదే. ఆ దేవదూతకు ఈరోజు మనం రంగు వేస్తే, మన రంగు కనిపిస్తుంది, దాని కింద 15వ శతాబ్దం శాశ్వతంగా పోతుంది. మన ఊళ్ళలో శిల్పాల మీద ఏటేటా సున్నం, ఆపైన ఎనామిల్ రంగు, ప్రాకారానికి గ్రానైటు, గర్భాలయం గుమ్మానికి టైల్సు వేయించి దాన్ని జీర్ణోద్ధరణ అంటున్నాం. అందులో భక్తి లేదని నేను అనను. భక్తితోనే ముఖాలు చెరిపేస్తున్నాం అంటున్నాను.

అయితే ఈ 'రోజూ చూసుకోవడం' అనేది వినడానికి తేలిక. దాని వెనక ఉన్న యంత్రాంగం చెబుతాను. ఇలాంటి కట్టడానికి శత్రువు పిడుగు కాదు, డౌసింగూ కాదు, నీరు. చర్చి ఆవరణలో చెట్లుంటాయి. శరదృతువులో ఆకులు రాలి కప్పు అంచున ఉన్న చూరుకాలువలో పడతాయి. కాలువ నోరు మూసుకుపోతే నీరు పైకి పొంగి, పిట్టగోడ వెనక నుంచి గోడ తలలోకి దిగుతుంది. దూలం కొస ఉండేది సరిగ్గా అక్కడే. ఏళ్ళ తరబడి తడిసిన ఓక్ మెత్తబడుతుంది, మెత్తబడ్డ ఓక్ అంటే డెత్‌వాచ్ అనే తొలుచుపురుగుకు విందు. బయటికి ఏమీ కనిపించదు. ఒకనాడు దూలం కొస గోడలో కూర్చోవడం మానేస్తుంది. ఆ దూలానికి వేలాడుతున్నది ఒక దేవదూత. పావుగంటలో తీసేయదగిన ఎండుటాకులు లక్షల పౌండ్ల మరమ్మతుగా మారే దారి ఇది.

దీనికి తోడు 20వ శతాబ్దంలో మా వృత్తివాళ్ళు చేసిన పాపం ఒకటుంది. సున్నపు గార మెత్తనిది, గోడలోని తేమను తనలోంచి బయటికి ఊపిరిలా వదులుతుంది, గోడ కాస్త కదిలితే తానూ కదులుతుంది. పాత గార రాలిందని దాని బదులు సిమెంటు కూరారు. సిమెంటు గట్టిది, అది తేమను లోపలే బంధిస్తుంది. చలికి ఆ తేమ గడ్డకట్టి ఉబ్బితే పగిలేది సిమెంటు కాదు, పక్కనున్న రాయి. ఇప్పుడు ఆ సిమెంటును ఉలితో ఒక్కొక్క అంగుళమే తీసి మళ్ళీ సున్నం పెట్టిస్తున్నారు. డంగు సున్నం తిప్పిన గానుగలు మన తాతల కాలం దాకా ఊరూరా ఉండేవి, ఈ సంగతి మనకు కొత్త కానక్కరలేదు.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను. గవర్నమెంటు చూసుకోదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అనే ఇక్కడి అధికారిక క్రైస్తవ సంస్థకు సుమారు 16,000 ఆలయ భవనాలున్నాయి, వాటిలో 12,000కు పైగా రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నాయి, ఈ దేశంలోని మొదటి శ్రేణి రక్షిత కట్టడాల్లో 45 శాతం దాకా పారిష్ చర్చిలే. ఫ్రాన్స్‌లో 1905కు ముందు కట్టిన ఊరి చర్చిలు స్థానిక పురపాలికల ఆస్తి. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మంచికో చెడుకో దేవాదాయ శాఖ ఉంది. ఇంగ్లండ్‌లో చూసుకునేది ఆ పారిష్ మండలి, అంటే ఆదివారం వచ్చే ఆ పదిహేనిరవై మంది, వాళ్ళలో సగం మంది డెబ్బై దాటినవారు. ప్రతి ఐదేళ్ళకు ఒకసారి ఆర్కిటెక్టుతో తనిఖీ చేయించాలని 1955 నుంచి చట్టం ఉంది. చిన్నాచితకా పనులు తప్ప, కట్టడంలో ఏ మార్పు చేయాలన్నా డయోసిస్ (బిషప్పు కింద ఉండే ప్రాంతం) న్యాయాధికారి నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. నిబంధనలు గట్టివి, మంచివే, కానీ నిబంధనతో పాటు డబ్బు రాదు. అదృష్టముంటే జాతీయ లాటరీ డబ్బుతో నడిచే నిధి నుంచి గ్రాంటు వస్తుంది, దానికి దరఖాస్తు నింపడమే ఒక ఉద్యోగం. కొత్త ఇల్లు కడితే అమ్మకపు పన్ను సున్నా, 600 ఏళ్ళ కప్పు బాగుచేస్తే 20 శాతం. ఆ పన్నును వెనక్కి ఇచ్చే పథకం 2001లో పెట్టారు గానీ, 2025లో దానికి ఒక్కో కట్టడానికి ఏడాదికి 25,000 పౌండ్ల హద్దు గీశారు. పెద్ద కప్పు పని చేయించిన పారిష్‌కు అది ఏ మూలకు వచ్చింది?

మీలో ఇల్లు కొనుక్కున్నవారికి ఈ విషయంతో ఇదివరకే పరిచయముంది, గుర్తుకు రాకపోవచ్చు. సొలిసిటరు పంపిన బిల్లులో చాన్సెల్ మరమ్మతు బాధ్యత అన్న పేరుతో చిన్న తనిఖీ రుసుమో, బీమా రుసుమో ఉండేది. నేనూ అదేమిటో తెలియక గొణుక్కుంటూ కట్టాను. మధ్యయుగంలో కొన్ని భూములను అనుభవించేవారే చర్చి చాన్సెల్‌ను బాగుచేయించాలి. మన దేవుడిమాన్యాల వంటి లెక్క. మఠాలు మూతపడ్డాక ఆ భూములు చేతులు మారాయి, బాధ్యత కూడా భూమితో పాటే మారింది. ఆస్టన్ కాంట్లో అనే ఊళ్ళో అలాంటి భూమి ఉన్న కుటుంబం చాన్సెల్ మరమ్మతు ఖర్చు భరించాల్సిందేనని 2003లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ తీర్పు ఇచ్చింది, చివరికి ఆ బిల్లు 1,80,000 పౌండ్లు దాటింది. 2013 తరవాత రిజిస్టరు కాని ఇలాంటి బాధ్యత కొత్త కొనుగోలుదారుకు అంటుకోవడం చాలావరకు తగ్గింది. నేను చెప్పదలిచింది ఒక్కటే: మనం కొనుక్కున్న మట్టికీ ఆ చర్చికీ మధ్య ముడి మనం రాకముందే పడి ఉంది.

చూసుకోకపోతే ఏమవుతుందో తెలియాలంటే బ్లైబరా నుంచి దూరం పోనక్కరలేదు. కోవ్‌హైత్‌లోని మహా చర్చిని పోషించలేక, 1672లో ఊరివాళ్ళు అనుమతి తీసుకుని దాని కప్పు విప్పేసి, ఆ మొండిగోడల మధ్యే గడ్డికప్పుతో చిన్న చర్చి కట్టుకున్నారు. పెద్ద కిటికీల చట్రాల్లోంచి ఇప్పుడు ఆకాశం కనిపిస్తుంది. వాల్బర్స్‌విక్‌లో కూడా 17వ శతాబ్దం చివర ఇలాగే జరిగింది. డనిచ్‌లోని ఆల్ సెయింట్స్ చర్చి కొండగట్టు కోసుకుపోయి 1904 నుంచి ముక్కలు ముక్కలుగా సముద్రంలో పడి, 1919లో గోపురంతో సహా పోయింది. సముద్రాన్ని ఆపడం మన వల్ల కాదు, చూరుకాలువ శుభ్రం చేయడం అవుతుంది.

మనకెందుకు అని అడిగేవారుంటారు, ఆ ప్రశ్న తప్పు కాదు. మనలో తెలుగు క్రైస్తవులకు ఇది ఆరాధనా స్థలం, మిగతావారికి కాదు. అయితే ఈ దేశంలో పారిష్ చర్చి అక్కడికి ప్రార్థనకు వచ్చేవాళ్ళ క్లబ్బు కాదు. ఆ పారిష్‌లో నివసించేవారికి, ఏ మతమైనా, సాధారణంగా అక్కడ పెళ్ళి చేసుకునే హక్కుంది, చోటుంటే ఆ ఆవరణలో మట్టి పొందే హక్కుంది. ఇంకొకటి మనవాళ్ళలో నూటికి ఒక్కరికైనా తెలుసా అని నా అనుమానం. చర్చి ఆస్తిని చూసుకునే ఇద్దరు వార్డెన్లను ఏటా ఎన్నుకునే సభలో, చర్చి సభ్యులే కాక, ఆ పారిష్‌లో ఉంటూ స్థానిక ఎన్నికల ఓటరు జాబితాలో ఉన్న ప్రతివారూ ఓటు వేయవచ్చు. కామన్వెల్త్ పౌరులుగా భారత పాస్‌పోర్టు ఉన్నవారు కూడా ఇక్కడ ఓటర్లుగా నమోదు కావచ్చు. అంటే ఇప్స్‌విచ్‌లో అద్దెకుంటున్న గుంటూరు కుర్రాడికి కూడా తన వీధి చర్చి వార్డెన్ ఎవరన్నదానిలో మాట ఉంది. ఇంత దూరం తలుపు తీసి పెట్టిన ఇంటి ముందు బస్సు ఆపి, ఫోటో తీసుకుని వెళ్ళిపోవడం నాకు సబబుగా తోచడం లేదు.

కాబట్టి నా విన్నపం. మీ బస్సు యాత్రల్లో ఒక్క ఊరి చర్చికైనా పావుగంట కాక రెండు గంటలు కేటాయించండి. ముందుగా ఫోనుచేస్తే వార్డెనో, ఊరిపెద్దో వచ్చి సంతోషంగా చూపిస్తారు, బల్లల మీది బొమ్మల కథలు పిల్లలకు చెబుతారు. బెంచీల మీద పెరుగన్నం డబ్బాలు విప్పవద్దని మాత్రం ముందే చెప్పండి. మీ సంఘాల్లో నాలాంటి ఇంజనీర్లు, కాంట్రాక్టు లెక్కలు చూసేవారు, గ్రాంటు దరఖాస్తులు నింపడంలో చేయి తిరిగినవారు ఎందరో ఉన్నారు. ఐదేళ్ళ తనిఖీ నివేదిక చదివి దానిలో ఏది అత్యవసరమో, ఏది ఆగగలదో తేల్చి చెప్పగలిగే ఒక్క మనిషి ఒక పారిష్ మండలికి వెయ్యి పౌండ్ల కన్నా విలువైనవాడు. నిచ్చెనలు ఎక్కమని నేను ఎవరినీ అడగను, దానికి శిక్షణ, బీమా కావాలి. కింది తూములు శుభ్రం చేయడం, గోడను పట్టిన ఐవీ తీగను వేరు దగ్గర కోయడం, జోరువానలో గొడుగు వేసుకుని చుట్టూ తిరిగి నీరు ఎక్కడ పొంగుతోందో చూసి రాసిపెట్టడం, ఇవి ఎవరైనా చేయవచ్చు. ఆ చివరి పనికి మించిన తనిఖీ లేదు, దానికి డిగ్రీ అక్కరలేదు.

డబ్బు ఇవ్వదలచిన సంఘాలు ఒకేసారి పెద్ద చెక్కు రాసి, వేదిక మీద ఫోటో దిగే పద్ధతి వద్దని మనవి. నెలకు పది పౌండ్ల చొప్పున ఇరవై కుటుంబాలు బ్యాంకు నుంచి నేరుగా వెళ్ళేలా ఏర్పాటు చేస్తే, పన్ను కట్టే దాతల పేరిట ప్రభుత్వం పౌండుకు 25 పెన్నీలు కలుపుతుంది. ఒక చిన్న చర్చికి ఏడాది పొడవునా చూరుకాలువలు తీయించడానికీ, జారిన సీసపు రేకు సరిచేయించడానికీ అది చాలావరకు సరిపోతుంది. శిలాఫలకం అడగవద్దు. అడిగినా డయోసిస్ అనుమతి రావడానికి ఏళ్ళు పడుతుంది, వచ్చిన ఫలకాలకు డౌసింగ్ చేసిన గతి పైన రాశాను.

ఇవన్నీ ఒక్కసారి మొదలుపెట్టనక్కరలేదు. నవంబరు రెండో శనివారం ఉదయం పది గంటలకు మా ఊరి చర్చిలో ఆకులు తీసే పని పెట్టుకున్నాం. మా వార్డెనుతో మాట్లాడి, తెలుగువారు పదిమంది దాకా రావచ్చని చెప్పి ఉంచాను. రాదలచిన సంఘాలు తమ కార్యదర్శి ద్వారా నాకు కబురు చేయండి. మోకాలి దాకా బూట్లు, రబ్బరు చేతితొడుగులు తెచ్చుకోండి, ఉత్తరపు వైపు ఎండ తగలదు గనక స్వెట్టరు తప్పనిసరి. టీ, బిస్కట్లు వాళ్ళు ఇస్తారు. పులిహోర మా ఇంటి నుంచి వస్తుంది, దాన్ని చర్చి బయట, గేటు పక్కనున్న బల్ల దగ్గర తిందాం.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు,
ఒక కట్టడాల ఇంజనీరు,
ఇప్స్‌విచ్ పరిసరాల నుంచి